పాత ఇంటిపై మమకారం – ఆడబిడ్డల వాటా

పాత కట్టడం మీద మనిషికి మమకారం సహజం. అయితే ఆ మమకారానికి వెల ఎవరు చెల్లిస్తున్నారన్నది కూడా ఆలోచించవలసిన విషయమే.

హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిని చూడండి. 1908 మూసీ వరదకు అఫ్జల్‌గంజ్‌లోని పాత ఆసుపత్రి పాడైపోయాక, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో వెలసిన భవనమది. 2015లో దాన్ని కూల్చి కొత్తది కడతామని ప్రభుత్వం ప్రకటిస్తే చాలామంది వ్యతిరేకించారు. అది సబబే. కానీ ఆ తర్వాత నిర్ణయం నానుతూ పోయింది. 2020 జూలైలో వాననీరు వార్డుల్లోకి చేరింది. పాత భవనాన్ని ఖాళీ చేసి, రోగులను పక్క భవనాల్లో సర్దారు. చివరకు 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. కట్టడం నిలవాలంటే రోగికి వేరే చోటు చూపాలన్న చిన్న మాట తేలడానికి దాదాపు పదేళ్లు పట్టింది. అన్నాళ్లూ ఇబ్బంది పడింది రోగులే.

మన ఇళ్లలో జరుగుతున్నదీ ఇదే. ప్రతి కుటుంబానికీ దాని పాత ఇల్లే చార్మినారు. ఆనందపురం–అనకాపల్లి ఆరు వరుసల రహదారి వచ్చాక మా సబ్బవరంలో ఏ స్థలమైనా గజాల లెక్కే. ఇలాంటి చోట "ఇది పెద్దల ఇల్లు, అమ్మం, పంచం" అని అన్నదమ్ములు అంటే వినడానికి ముచ్చటగానే ఉంటుంది. మరి అక్కచెల్లెళ్ల వాటా ఏమైంది? ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా స్త్రీకి అందులో భాగం ఉందని దివ్య ఖుర్‌ఆన్ 'అన్-నిసా' సూరా ఏడవ ఆయతు స్పష్టం చేస్తోంది. ఇల్లు పాతదైతే వాటా ఉండదని ఎక్కడా లేదు.

ఇల్లు నిలుపుకోవడానికి దారులున్నాయి. నలుగురు పెద్దమనుషులతో నేటి ధర కట్టించాలి. ఉంచుకునేవారు మిగతా వారసులకు వాటా సొమ్ము చెల్లించాలి. ఒకేసారి ఇవ్వలేకపోతే వాయిదాలు కాగితం మీద రాసి, రిజిస్టరు చేయించాలి. లేదా వారసులందరూ ఇష్టపడితే మక్తబుకు వక్ఫ్ చేయవచ్చు. అయితే ఆ ఇష్టం పండుగకు ఒక చీర పెట్టి సంతకం తీసుకున్నది కారాదు.

సోదరులారా! పెద్దల జ్ఞాపకాన్ని కాపాడదలిస్తే ముందు వారి కూతుళ్ల హక్కు కాపాడండి. ఈ జుమా నమాజు తర్వాత అక్కచెల్లెళ్లను పిలిచి, ఆ ఇంట్లోనే కూర్చుని లెక్క తేల్చండి.