మన మాట వినడానికి వచ్చిన ఆ కొత్తవాళ్లెవరు?

రాసుకునే ఆడదాన్ని మన సమాజం ఎప్పుడూ ఒకే మాటతో భయపెడుతుంది: “ఎవరెవరో చదువుతారు, తెలుసా?” వెనకటి రోజుల్లో ఆడపిల్ల ఉత్తరం రాయడం నేర్చుకుంటే ఎవడికో రాస్తుందని చదువు మాన్పించారు. ఇవాళ ఫోను చేతికొస్తే ఎవడితోనో మాట్లాడుతుందని ఫోను లాక్కుంటున్నారు. ఆ “ఎవడో” ఎవడన్నది వాళ్లు కనుక్కోరు, మనల్నీ కనుక్కోనివ్వరు. తెలియనివాళ్లందరినీ ఒక్క గుంపుగా చేసి, దాన్ని మన గుమ్మం ముందు దిష్టిబొమ్మలా నిలబెడతారు.

నేను నర్సీపట్నం పక్కన మాకవరపాలెంలో మహిళా సంఘాల మధ్య పని చేస్తున్నాను. రెండేళ్లుగా రోజూ రాత్రి నాలుగు మాటలు ఫోన్లో రాసి అందరికీ కనిపించేలా పెడుతున్నాను. ఏ ఊరు వెళ్లాను, ఏ ఆఫీసులో ఎంతసేపు నిలబెట్టారు, ఇంట్లో ఆఖరున ఎవరు తిన్నారు, ఇలాంటివే. మొదట్లో చదివేవాళ్లు నలభై మంది. అందరూ తెలిసినవాళ్లే, సంఘంలో వాళ్లో చుట్టాలో. జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతుల గురించి రాసిన తర్వాత ఒక్క వారంలో రెండొందల మంది కొత్తవాళ్లు ఫాలో అవడం మొదలుపెట్టారు. పేర్లు తెలియవు, మొహాలు తెలియవు. చాలామందికి ఫొటో దగ్గర పువ్వో దేవుడో సినిమా హీరోనో ఉంటారు. “ఇంక రాయకమ్మా” అన్నవాళ్లు ఇంట్లోనూ ఉన్నారు, మా కార్యకర్తల్లోనూ ఉన్నారు. రాయడం ఆపాలా వద్దా అన్నది నా దృష్టిలో అసలు ప్రశ్న కాదు. వచ్చినవాళ్లని ఎలా తెలుసుకోవాలి, ఆ తెలుసుకోవడం ఎవరి షరతుల మీద జరగాలి అన్నదే ప్రశ్న.

మూడు అనుభవాలు చెబుతాను.

ఒక ఖాతాకి మగవాడి పేరు, హీరో ఫొటో. రోజూ చదువుతారు, ఒక్క మాటా రాయరు. తీసెయ్యమని అందరూ అన్నారు. నేను అందరికీ కనిపించేలాగే ఒక ప్రశ్న పెట్టాను: “కొత్తగా వచ్చినవాళ్లు ఏది చదివి వచ్చారో చెప్పండి.” నాలుగు రోజులకి జవాబొచ్చింది: “అక్కా, ఇది మా అన్న పేరు. నా పేరు పెడితే ఇంట్లో ఊరుకోరు. అచ్యుతాపురం కంపెనీ బస్సులో చదువుకుంటాను.” ఆమె కుట్టుపని చేసే అమ్మాయి. మొహం చూపించనివాళ్లందరినీ గెంటేసి ఉంటే, ఎవరి కోసం రాస్తున్నామో ఆమెనే గెంటేసేవాళ్లం.

రెండోది ఆడపేరు. “అమ్మా”, “తల్లీ” అంటూ వచ్చింది. మూడో రోజుకి విడిగా మాట్లాడదామంది, నాలుగో రోజుకి ఫోను నెంబరూ ఫొటోలూ అడిగింది. ఏ రాత చదివి వచ్చావమ్మా అంటే చెప్పలేకపోయింది. ఆ పేరు వెనక ఉన్నది మగవాడని తర్వాత బయటపడింది.

మూడోది అసలు కొత్త ముఖమే కాదు. మా సంఘంలోని ఒక అమ్మాయి తన రోజుల గురించి రాసుకుంటూంటే, బంధువే దొంగ పేరుతో చేరి ప్రతి మాటా ఆమె అత్తింటికి మోశాడు. ఆ అమ్మాయి ఫోను పోయింది, రాయడం పోయింది, నెల రోజులు మీటింగుకి రావడం కూడా పోయింది. మనల్ని భయపెట్టేది తెలియనివాళ్ల పేరు చెప్పి. దెబ్బ తగిలింది మాత్రం తెలిసినవాడి చేతిలో. జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్కల్లో అత్యాచారం కేసుల్ని చూడండి. ఏటేటా నూటికి తొంభైకి పైగా కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. అపరిచితుడంటే ప్రమాదం, పరిచితుడంటే రక్షణ అన్న లెక్క మనం వేసింది కాదు, మన చేత వేయించింది.

ఇంకో లెక్క కూడా చూడాలి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు నూటికి 21 మంది, మగవాళ్లు దాదాపు 49 మంది. మనం ఆడవాళ్ల కోసం రాసినా అది ముందు చేరేది మగవాళ్ల చేతుల్లోని ఫోన్లకే. అరువు ఫోన్లో, అరువు పేరుతో, అరగంట దొంగతనంగా చదివే ఆడది ఆ గుంపులోనే ఎక్కడో ఉంటుంది. ఆమెని వెతికి పట్టుకోవడం సంఘం చేయాల్సిన పని కాదా?

తెలియని పాఠకురాలిని వెతుక్కుంటూ వెళ్లడం మనకి కొత్త కాదు. భండారు అచ్చమాంబ 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ ప్రచురించారు. పుస్తకం అచ్చయింది కదా అని కూర్చోలేదు. 1902లో బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం స్థాపించారు, ఊళ్లు తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించారు. చదివేవాళ్లని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. నెల్లూరు జిల్లా సంగతి చూడండి. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన కథ పాఠంగా మారి పక్క ఊళ్ల రాత్రి బడులకి చేరింది. ఆ పాఠం చదివిన ఆడవాళ్లు దూబగుంట వాళ్లని చూసి ఎరగరు. 1992లో సారా వేలంపాటల్ని అడ్డుకోవడానికి కదిలొచ్చినప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. తెలియని పాఠకురాలు తోడుగా మారిన చరిత్ర ఇది. అది దానంతటది జరగలేదు, మధ్యలో మనుషులు పూనుకుని ఒకరినొకరికి కలిపారు.

ఇప్పుడు మా సంఘంలో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. మీకు పనికొస్తాయేమో చూడండి.

కొత్తవాళ్లతో మొదటి మాట అందరిలోనే, విడిగా కాదు. “ఎవరు మీరు” అని నిలదీయం, “ఏది చదివి వచ్చారు” అని అడుగుతాం. చదివినవాళ్లకి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. చదవకుండా వచ్చినవాళ్లు మన ఊరూ వయసూ అడుగుతారు. ఎవరికైనా నెంబరు ఇవ్వాలంటే ముందు సంఘంలో ఇంకొకరు కూడా వాళ్లతో గొంతు కలిపి మాట్లాడాలి. ఏ ఊరికి ఎన్ని గంటలకి వెళుతున్నామో ముందుగా రాయం, వెళ్లి వచ్చాక రాస్తాం. మన దగ్గరికొచ్చిన కేసుల్లోని ఆడవాళ్ల పేరు గానీ ఊరు గానీ పోల్చుకోగల గుర్తు గానీ రాయం. నా బతుకు చెప్పుకునే హక్కు నాది, పక్కదాని బతుకు చెప్పే హక్కు నాకు లేదు. ఇష్టం లేని మనిషిని తీసెయ్యడానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వం. కాకపోతే తీసే ముందు వాళ్లు పంపినదంతా తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, సంఘంలో ఇద్దరి దగ్గర దాస్తాం.

ఎందుకు దాచాలో తెలియాలంటే చట్టం తెలియాలి. ఆడదాని ఇంటర్నెట్ వాడకం మీద నిఘా పెట్టడం, వద్దని స్పష్టంగా చెప్పినా పదేపదే పలకరించడం 2013 సవరణతో నేరాలయ్యాయి. 2024 జూలై 1 నుంచి ఇది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్‌లో ఉంది. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే అయిదేళ్ల దాకా జైలు. ఈ ఫిర్యాదుని మహిళా పోలీసు అధికారి గానీ మరో మహిళా అధికారి గానీ రాసుకోవాలని కొత్త నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. “ఇది మా స్టేషన్ పరిధి కాదు” అని తిప్పి పంపడానికి కూడా ఆ సెక్షన్ ఒప్పుకోదు. వేరొకరి పాస్‌వర్డో గుర్తింపో మోసంతో వాడితే ఐటీ చట్టం 66సి ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ గోప్యత మొగుడి ముందూ అన్నదమ్ముల ముందూ కూడా ఉంటుందని ఇళ్లలో చెప్పవలసింది మనమే.

చట్టం ఉన్నంత మాత్రాన పని జరగదని మనకి తెలుసు. ఫిర్యాదుకి వెళితే “అసలు నువ్వెందుకు రాశావమ్మా” అన్న ప్రశ్నే ముందు ఎదురవుతుంది. ఇంట్లో వేసిన ప్రశ్నే స్టేషన్లోనూ వేస్తారు. అందుకే ఒంటరిగా పంపకండి, సంఘం నుంచి ఇద్దరు తోడు వెళ్లండి.

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులకి కూడా ఒక మాట. మన నివేదికల్లో “ఇంతమంది ఫాలో అవుతున్నారు” అని సంఖ్య రాస్తున్నాం, నిధులిచ్చేవాళ్లు సంతోషిస్తున్నారు. ఆ సంఖ్యలో మనకి ఎంతమంది తెలుసు? ఎంతమంది అన్న పేరుతో చదువుతున్న చెల్లెళ్లు? ఎంతమంది మన దగ్గరికొచ్చిన ఆడవాళ్లని వెతుక్కుంటూ వచ్చిన మొగుళ్లు? సంఖ్య పెరిగితే ఉద్యమం పెరిగినట్టు కాదు. పదిమందిని నిజంగా తెలుసుకుంటే వాళ్లలో ఒకరు మీటింగుకి వస్తారు, ఇంకొకరు రాత్రిపూట ఆపదలో ఫోను చేస్తారు.

రాయొద్దని అమ్మాయిలకి చెప్పకండి. ఎవరు చదువుతున్నారో తెలుసుకోవడం నేర్పండి, ఎవరిని రానివ్వాలో నిర్ణయించుకోవడం నేర్పండి. పరిచయం చేసుకునే హక్కూ పరిచయం వద్దనే హక్కూ రెండూ ఆమెవే. వచ్చే మీటింగులో పొదుపు లెక్కలు అయ్యాక ఒక అరగంట ఈ విషయానికి కేటాయించండి. ఎవరి ఫోను ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నతో మొదలుపెట్టండి.