వెనకబడ్డవాడి కోసం ఆగుతాం

సంపాదకులకు,

బైకు యాత్రికుల స్నేహం ట్యాంకులో పెట్రోలు ఉన్నంతవరకేనని మీ ఆదివారం వ్యాసకర్త తేల్చేశారు. ఒప్పుకోలేను. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడి పాత యెజ్డీ బైకుల తయారీ ఆగిపోయింది. హిందూపురంలో, ధర్మవరంలో మా పాత బళ్లు ఇంకా తిరుగుతున్నాయంటే, ఒకరు దాచిన క్లచ్ ప్లేట్లు మరొకరికి అడక్కుండానే అందడం వల్లే. 44వ జాతీయ రహదారిపై పెనుకొండ దగ్గర ఒక్క బండి మొరాయించినా అందరం ఆగుతాం. నడుంనొప్పితో దూరం రాలేనివాళ్లుంటే ఆ వారం యాత్రను లేపాక్షితోనే సరిపెట్టుకుంటాం. కుర్రకారులో వేగం పిచ్చి ఉన్నమాట నిజమే. అయితే హెల్మెట్ లేనివాణ్ణి మేం వెంట రానివ్వం. ఆ కట్టుబాటు గురించీ వ్యాసకర్త రాసుండాల్సింది.

– ఒక పాత యెజ్డీ అభిమాని, హిందూపురం