వానలో రెండు రోజులు



మాకు వివాహమై 21 సంవత్సరాలు. ఇన్నేళ్లలో మేమిద్దరం కలిసి ఎక్కడికైనా వెళ్లామంటే కన్వెన్షన్‌కో, పెళ్లికో, సమాధి కార్యక్రమానికో తప్ప మరొకందుకు కాదు. అక్కడ కూడా పురుషులు ఒక వైపు, స్త్రీలు ఒక వైపు కూర్చుంటాము. కనుక ఆగస్టు నెలలో రెండు రోజులు మోటారు సైకిలు మీద అరకు లోయకు వెళ్లివస్తామని చెప్పినప్పుడు, సంఘ పెద్దలలో ఒకాయన "ఈ వానల్లోనా అయ్యగారూ? అక్కడ మీటింగులేమైనా ఉన్నాయా?" అని అడిగారు. మీటింగులు లేవన్నాము. ఆయనకు సంగతి అంతుపట్టలేదు. మార్కు సువార్త 6వ అధ్యాయంలో, అన్నం తినడానికి కూడా తీరిక లేని శిష్యులను ప్రభువు విశ్రాంతికై అరణ్య ప్రదేశానికి పిలిచిన సంగతి మీరు చదివే ఉంటారు. దాని మీద మేము చాలాసార్లు ప్రసంగించాము గాని, ఒక్కసారీ చేసి చూడలేదు. శిష్యులకైనా ఆ విశ్రాంతి ఎంతోసేపు దక్కలేదు, జనం వారికంటె ముందే అక్కడికి చేరుకున్నారు. మాకు ఆ ఇబ్బంది రాలేదు. ఘాట్ రోడ్డులో చాలా చోట్ల ఫోన్‌కు సిగ్నల్ లేదు.

తెల్లవారకముందే బయలుదేరి శృంగవరపుకోటలో ఇడ్లీ తిన్నాము. ఇంటి నుండి పులిహోర కట్టుకున్నాము గాని, వేడి ఇడ్లీ, అల్లం చట్నీ కనబడ్డాక దాని సంగతి మధ్యాహ్నానికి వాయిదా పడింది. రెయిన్ కోటు ఇక్కడే వేసుకుందామని వెనుక కూర్చునే మనిషి రెండుసార్లు చెప్పింది. బండి నడిపే మనిషి వినలేదు. పావుగంటలో ఇద్దరమూ తడిసిపోయాము.

ఘాట్ ఎక్కుతుంటే మంచు పొగలాగ రోడ్డుకు అడ్డం వచ్చింది. లైటు వేసుకొని మెల్లగా వెళ్లాము. రెండు వైపులా నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకొన్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. ఎండలో పెరిగే పంటలు ఎరిగిన మా మెట్ట ప్రాంతం వారికి, నీడ ఉంటేనే బాగుండే పంట ఒకటి ఉందంటే వింతగానే ఉంటుంది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ తోటల్లో పనిచేసే గిరిజన కుటుంబాలలో విశ్వాసులూ ఉన్నారు, వారిని మీ ప్రార్థనలలో జ్ఞాపకం చేసుకోండి.

బొర్రా గుహలు ఇంతకుముందు చూసినవే గనుక లోపలికి వెళ్లలేదు. ఈ కొండలలో పుట్టిన గోస్తనీ నది ఆ గుహల మీదుగా ప్రవహించి, చివరకు భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ దగ్గరలోదే కటికి జలపాతం. కొంత దూరం జీపులో వెళ్లి, ఆపైన నడిచాము. ఎర్రమట్టి దారి, అడుగు వేస్తే జారుతుంది. చెప్పులు చేత పట్టుకొని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని ఎక్కాము. చేతులు పట్టుకొని ఎన్నాళ్లయిందో మాకే గుర్తు లేదు. అక్కడైతే పట్టుకోక తప్పలేదు.

జలపాతం కనబడక ముందే చప్పుడు వినబడింది. నీరు తెల్లగా ఉంటుందనుకున్నాము, బురద రంగులో దూకుతోంది. దారి చూపించిన కుర్రాడు మమ్మల్ని రాళ్ల దగ్గరకు దిగనివ్వలేదు. పైన కొండల్లో వాన పడితే, కింద మనకు తెలియకుండానే క్షణాల్లో నీరు పెరుగుతుందట. వానాకాలంలో వెళ్లే యువతీ యువకులు ఫొటోల కోసం ఆ ఊరివారి మాట పెడచెవిని పెట్టవద్దు.

తిరిగి వచ్చేసరికి వాన మళ్లీ జోరందుకొంది. టార్పాలిన్ కింద బొంగు చికెన్ కాల్చే ఒక తల్లి దగ్గర ఆగాము. కోడి ముక్కలకు ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి, పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు దోపి నిప్పుల మీద తిప్పుతుంది. నూనె చుక్క వేయదు. వెదురు పచ్చిగా ఉంటేనే కాలిపోకుండా లోపల ఉడుకుతుందని చెప్పింది. తడి కట్టెలు అంటుకోక ముప్పావు గంట పైగా పట్టింది. ఆ ముప్పావు గంటే ఈ నెల ఈ పేజీ రాయడానికి కారణం. మా సహధర్మచారిణి చదివి, సరేనన్న తరువాతనే అచ్చుకు పంపుతున్నాము.

నిప్పుల వైపు చూస్తూ ఆమె అన్నది: "మా అమ్మ పోయినప్పుడు సమాధి దగ్గర మీరు చాలా బాగా ప్రార్థన చేశారండీ. అందరూ చెప్పుకున్నారు. కాని నా పక్కన నిలబడలేదు. బైబిలు పట్టుకొని తలవైపు నిలబడ్డారు. ఆ రోజు నాకు కూడా అయ్యగారే అయ్యారు."

అది జరిగి మూడేళ్లు. మూడేళ్లు ఆ మాట ఆమె లోపలే ఉంది. మా ఇద్దరిలో కాపరి అయిన మనిషికి అలవాటు చొప్పున ఒక వచనం నోటికి వచ్చింది. "వచనం వద్దండీ, నాకూ తెలుసు" అన్నది. ఆ తరువాత చాలాసేపు వాన చప్పుడే. ఆ తల్లి బొంగు చీల్చి అడ్డాకుల్లో వడ్డించింది. తిన్నాము. రుచి ఎలా ఉందని అడిగితే నిజంగా చెప్పలేము.

ఆ రాత్రి అరకులో ఒక తోటి సేవకుని ఇంట బస. నిద్ర పట్టక 42వ కీర్తన తీశాము. హెర్మోను కొండల ప్రాంతంలో జలప్రవాహాల ధ్వని విన్న ఆ భక్తుడు దానిని అందమని మెచ్చుకోలేదు, తన మీదుగా పొర్లిపోయిన దుఃఖంతో పోల్చాడు. ఒకే నీటి చప్పుడు ఒకరికి వినోదం, పక్కనే ఉన్న మరొకరికి వేరొకటి. పగలు కటికి దగ్గర మేమిద్దరం విన్నది ఒకటి కాదేమో.

మరునాడు పాడేరు వెళ్లే దారిలో డుంబ్రిగూడ దగ్గర చాపరాయి చూశాము. అక్కడ నీరు ఎత్తు నుండి దూకదు, పరచిన బండల మీదుగా జారుతుంది. పాచి పట్టి ఉన్నందున ఒడ్డునే కూర్చున్నాము. దారిలో చోడి అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తీసుకున్నాము. అంబలి నోట పెట్టగానే "మా అమ్మ ఇందులో మజ్జిగ ఇంకాస్త ఎక్కువ పోసేది" అన్నది. "ఇంకేమి చేసేది?" అని అడిగాము. అంతే. చేపల పులుసు మొదలుకొని, మూడో తరగతిలో చెవిపోగు పోగొట్టుకొన్న కథ దాకా గంటన్నర చెప్పింది. 21 ఏళ్లలో మేము వినని సంగతులు అందులో సగం.

అడగదలచిన వారికి ఖర్చు కూడా చెబుతాము. పెట్రోలు, జీపు, భోజనాలు కలిపి 3,000 రూపాయలు దాటలేదు. బస ఉచితం కనుక సరిపోయింది. బండి లేనివారు విశాఖపట్నం నుండి బస్సులో గాని, కిరండూల్ వెళ్లే రైలులో గాని వెళ్లవచ్చు. ఆ పులిహోర మాత్రం రెండో రోజుకు పాడైంది, చేసిన మనిషి ఇంకా గుర్తు చేస్తూనే ఉంది.

తిరుగు దారిలో, ఘాట్ దిగాక, అత్తగారి ఊరు వైపు బండి తిప్పాము. ఆమె అడగలేదు. సమాధుల తోటలో గడ్డి మోకాళ్ల ఎత్తు పెరిగి ఉంది. శిలువ మీద అక్షరాలకు నాచు పట్టింది. ఆమె కొంగుతో తుడిచింది. సన్నగా వాన పడుతోంది. ఎదురుగా ఉన్న ఇంటివారు చూసి, "అయ్యగారు వచ్చారు, ప్రార్థన చేస్తారు" అంటూ గొడుగు పట్టుకొని వచ్చారు. గొడుగు తీసుకున్నాము. బైబిలు సంచిలోనే ఉండనిచ్చి, ఆమె పక్కకు వెళ్లి నిలబడ్డాము.