వెంట్రుకల్లేవు కాబట్టి పనే లేదట!

ఇల్లంతా వెంట్రుకలు రాలవు, దువ్వక్కర్లేదు, ఎలర్జీ రాదు, పెంచడం బహు తేలిక. చైనీస్ క్రెస్టెడ్ కుక్కపిల్లను అంటగట్టేవాళ్లు వల్లించే దండకం ఇది. మొదటి మాట ఒక్కటి సగం నిజం, మిగతావన్నీ బొంకు. కొనేవాడి చెవిలో పువ్వు పెట్టడంతో ఆగితే నేను నోరెత్తేవాణ్ణి కాదు. డబ్బు ఎక్కువై మోసపోతే అది వాడి ఖర్మ. కానీ ఈ బొంకుకు మూల్యం చెల్లించేది అయిదు కిలోలు తూగే మూగజీవం.

తల మీద జుట్టు, తోక చివర కుచ్చు, కాళ్లకు మేజోళ్లలా కాస్త బొచ్చు, మిగతా ఒళ్లంతా నున్నటి చర్మం. అందంగానే ఉంటుంది, కాదనను. అయితే ఆ నునుపు వెనకున్నది జన్యులోపం. ఫాక్స్-ఐ-3 అనే జన్యువులో ఏడు అక్షరాలు రెండోసారి పడటమే దీనికి కారణమని 2008లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ జన్యువుకు వెంట్రుకలతో పాటు పళ్లతోనూ పని ఉంది. అందుకే నున్నటి క్రెస్టెడ్ నోరు తెరిపించి చూస్తే ముందు దవడపళ్లు ఉండాల్సిన చోట వట్టి చిగురు కనిపిస్తుంది. ఉన్న కోరలు కూడా కిందికి దిగకుండా ముందుకు పొడుచుకొస్తాయి.

ఇది ఈ జాతిని పెంచి అమ్మేవాళ్లకు తెలియదనుకుంటున్నారా? అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఈ జాతికి రాసిన ప్రమాణాలు చూడండి. నున్నటి రకానికి పళ్లు లేకపోయినా మార్కులు తగ్గించొద్దట. అదే ఈతలో ఒంటినిండా బొచ్చుతో పుట్టే పౌడర్‌పఫ్‌కు పన్ను లేకపోతే మాత్రం దోషమట! పళ్లు లేకపోవడం లోపమని తెలిసే రాసుకున్న రాత ఇది. అమ్ముడుపోయే అందానికి అడ్డొస్తే లోపాన్ని క్షమించెయ్యడమే వీళ్ల న్యాయం.

ఆపైన నవ్వులాట ఒకటి. కాలిఫోర్నియాలో ఏటా ప్రపంచంలోకెల్లా వికారమైన కుక్కకు బహుమతి ఇస్తారు. 2003 నుంచి 2005 వరకు వరసగా మూడేళ్లు గెలిచిన శామ్ చైనీస్ క్రెస్టెడే. ఈ జాతి కుక్కల నాలుక పక్కకు వేలాడితే జనం పడీపడీ నవ్వుతారు. ఆపడానికి పళ్లుంటే కదా నాలుక లోపల నిలిచేది!

అసలు దారుణం పుట్టకముందే జరుగుతుంది. నున్నటి కుక్కలో ఈ లోపం ఒక్క ప్రతిగానే ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి రెండూ కలిస్తే ఆ పిండం కడుపులోనే చచ్చిపోతుంది. రెండు నున్నటివాటిని జత కడితే సగటున నాలుగు పిండాల్లో ఒకటి ఇలా పోవాల్సిందే. నున్నటిదాన్ని పౌడర్‌పఫ్‌తో కడితే ఈ చావు ఉండదు, పిల్లల్లో సుమారు సగం నున్నగానే పుడతాయి. ఇంత సులువైన దారి ఉండగా, ఈతలో నున్నటి పిల్లలు ఇంకాస్త ఎక్కువ వస్తాయని మొదటి దారి పట్టేవాణ్ణి జంతుప్రేమికుడనాలా? నేను కసాయి అంటాను. కసాయి కనీసం చేసే పని దాచుకోడు. (వెంట్రుకల్లేని ప్రతి కుక్కా ఇంతే అనుకోకండి. అమెరికన్ హెయిర్‌లెస్ టెర్రియర్‌ది వేరే జన్యువు. దాని నోటినిండా పళ్లుంటాయి.)

ఇక ‘తేలిక’ సంగతి. ఎండ తగిలితే లేత చర్మం కమిలిపోతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో దాన్ని మధ్యాహ్నం బయట తిప్పడం హింసే. పలచటి నూలు చొక్కా తొడగాలి, తెల్లవారుజామునో పొద్దుగూకాకో తిప్పాలి. మనం పూసుకునే సన్‌స్క్రీన్ రాసేస్తారేమో, ఆగండి. అందులో జింక్ ఆక్సైడ్ ఉంటే కుక్క నాకి విషం తింటుంది. పశువైద్యుణ్ణి అడిగి కుక్కలకు పనికొచ్చేదే వాడాలి. వీపు మీద చెయ్యి పెట్టి నిమిరితే గరుగ్గా నల్లటి చుక్కలు తగులుతాయి, అచ్చం కుర్రాళ్ల మొటిమల్లా. క్రమం తప్పకుండా స్నానం చేయించాలి. పసిబిడ్డకు పట్టించినట్టు నూనె దట్టంగా పట్టించారో, చర్మరంధ్రాలు పూడుకుపోయి మొటిమలు ఇంకా రేగుతాయి. ఉన్న నాలుగు పళ్లయినా నిలవాలంటే రోజూ తోమాలి. ఏసీ గదిలో వణుకుతుంది, దుప్పటి కావాలి. తాకితే వేడిగా ఉందని జ్వరమనుకుంటారు. దాని ఒంటి వేడి ఏ కుక్కకైనా ఉండేదే, అడ్డు బొచ్చు లేదంతే.

ఎలర్జీ రాదన్నది మరీ పచ్చి అబద్ధం. ఎలర్జీ తెచ్చే ప్రోటీన్లు కుక్క లాలాజలంలో, రాలే చర్మపు పొట్టులో ఉంటాయి. వెంట్రుకలు పోయినంత మాత్రాన అవెక్కడికి పోతాయి?

పైగా ఇది మనిషి ఒళ్లో పెరగడానికి పుట్టిన కుక్క. పొద్దున తాళం వేసి రాత్రికి వచ్చే ఇంట్లో ఏడ్చి ఏడ్చి చిక్కిపోతుంది. అలాంటి ఇంటికి దీన్ని తేవద్దు.

ఇవన్నీ చెయ్యగలనన్న గుండె ధైర్యం ఉంటే అమ్మేవాణ్ణి ఒక్కటే అడగండి: తల్లినీ తండ్రినీ చూపించు. రెండూ నున్నటివే అయితే బయానా ఇవ్వకుండా వెనక్కి వచ్చెయ్యండి. చూపించనన్నా అంతే. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం 2017 కేంద్ర నిబంధనల ప్రకారం నేరమని కూడా వాడి మొహం మీదే చెప్పి రండి.