ప్లేస్‌మెంట్ వచ్చింది



"మా పిల్లవాణ్ణి ఆస్ట్రేలియా పంపాలనుకొంటున్నాం. మీ అమ్మాయి అక్కడే చదివింది కదా, మంచిచెడ్డలు వ్రాయండి" అని ఈ మధ్య మాకు నాలుగైదు ఉత్తరాలు వచ్చాయి. ఈ శీర్షికలో ఇంతవరకు ఇతరుల ఇళ్ల సంగతులే వ్రాస్తూ వచ్చాం. ఈ నెల మా ఇంటి సంగతి వ్రాస్తున్నాం. వ్రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. అమ్మాయిని అడిగితే, "ఉన్నదున్నట్టు వ్రాయండి, నా పేరు మాత్రం వద్దు" అన్నది. అలాగే వ్రాస్తున్నాం.

మా చిన్నమ్మాయి 2024 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ వెళ్లింది. సోషల్ వర్క్‌లో రెండేళ్ల మాస్టర్స్ చదువు. "సంఘసేవ చేయడానికి ఇరవై లక్షలు అప్పుచేసి చదవాలా?" అని మా ఊళ్లో నవ్వినవారున్నారు. ఆ దేశంలో అది నర్సు పని వంటి ఒక వృత్తి. ఆసుపత్రులలో, వృద్ధుల గృహాలలో, బడులలో అందుకొరకు చదువుకున్నవారిని పెట్టుకుంటారు. ఆ నమ్మకంతోనే ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు అప్పు తీసుకున్నాం. 2023 చివర మేము వీసాకు దరఖాస్తు పెట్టినప్పుడు ఫీజు 710 డాలర్లు. ఏడాది ఖర్చులకు 24,505 డాలర్లు ఉన్నట్టు చూపమన్నారు. 2024 మే నెలలో ఆ మొత్తాన్ని 29,710 చేశారు. వీసా ఫీజు 2024 జూలైలో 1,600కు, 2025 జూలైలో 2,000కు పెరిగింది. కనుక నిరుడు వెళ్లినవారి లెక్క పట్టుకొని ఈ ఏడు బయలుదేరకండి.

వెళ్లే ముందు ఆదివారం సంఘమంతా ప్రార్థన చేసి పంపారు. ఆవకాయ, కందిపొడి, ఎండబెట్టిన కరివేపాకు పెట్టెలో సర్దాం. విమానం దిగేటప్పుడు నింపే కార్డులో తినే వస్తువులన్నీ చెప్పాలి. దాస్తే జరిమానా వేస్తారు, వీసా రద్దు చేసే అధికారం కూడా వారికి ఉంది. అమ్మాయి ఒక్కటీ దాచకుండా వ్రాసింది. అధికారి పెట్టె విప్పి చూసి, పచ్చడి ఇచ్చివేసి, కరివేపాకు మాత్రం తీసుకున్నాడట. దాచవద్దని ఆ దేశం గుమ్మంలోనే చెప్పింది. మా ఇంట్లో ఆ మాట ఎవరమూ చెవిని పెట్టలేదు.

జూన్ నెలలో ఒక రాత్రి ఫోను చేసి, "నాన్నా, ప్లేస్‌మెంట్ వచ్చింది. వృద్ధుల గృహంలో" అన్నది. మన కాలేజీలలో ప్లేస్‌మెంట్ అంటే ఉద్యోగమే కదా! చదువు ఇంకా ఏడాదిన్నర ఉండగానే ఉద్యోగమా అని పొంగిపోయాం. మరుసటి ఆదివారం ఆరాధన అయిన తరువాత అందరికీ లడ్డూలు పంచాం. ఫోటో తీసి అమ్మాయికి కూడా పంపాం. తాను చూసి, ఒక చిరునవ్వు బొమ్మ పంపి ఊరుకున్నది.

అక్కడ ప్లేస్‌మెంట్ అంటే జీతం లేకుండా పని నేర్చుకోవడం అని మాకు రెండు నెలల తరువాత తెలిసింది. సోషల్ వర్క్ పట్టా చేతికి రావాలంటే రెండు విడతలుగా మొత్తం 1,000 గంటలు అలా పని చేయాలి. దానికి ముందు పోలీసు తనిఖీ పత్రం, వృద్ధుల దగ్గరకు వెళ్లేవారికి ఫ్లూ టీకా, అన్నీ చూస్తారు. మొదటి విడత 500 గంటలు. రోజుకు ఏడు గంటలు, వారానికి ఐదు రోజులు, పద్నాలుగు వారాలకు పైమాటే. కాలేజీ నడిచే రోజులలో విద్యార్థులు రెండు వారాలకు 48 గంటలు మించి సంపాదన పని చేయకూడదని 2023 జూలై నుండి నియమం. చదువులో భాగమైన ప్లేస్‌మెంట్ గంటలు అందులోకి రావు. వినడానికి అది మేలుగానే ఉంటుంది. అయితే ఇటు 35 గంటలు జీతం లేని పని, అటు అద్దెకొరకు 24 గంటలు సంపాదన పని, వెరసి వారానికి దాదాపు అరవై గంటలు. ఆపైన చదువు.

శుక్రవారం సాయంత్రం నుండి ఆదివారం రాత్రి వరకు ఒక హోటలులో గిన్నెలు కడిగేది. యజమాని గంటకు 14 డాలర్లు చేతిలో పెట్టేవాడు, చీటీ ఇచ్చేవాడు కాదు. 2024 జూలైలో ఆ దేశంలో పెద్దవారికి కనీస కూలి గంటకు 24 డాలర్ల 10 సెంట్లుగా ఉండేది. రోజుకూలి పద్ధతిని పనిచేసేవారికి దానిమీద మరి 25 శాతం కలపాలి. ఈ సంగతులేవీ మాతో అనలేదు. "తిన్నావా?" అంటే "తిన్నాను." "ఆరోగ్యం?" అంటే "బాగుంది."

ఇంకొక సంగతి వ్రాయడానికి మాకు బాధగా ఉంది. మేము రోజూ రాత్రి భోజనాలు చేసి ఎనిమిది గంటలకు ఫోను చేసేవాళ్లం. మెల్‌బోర్న్ మనకంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది. అక్టోబరు నుండి ఏప్రిల్ మొదటి వరకు ఐదున్నర గంటలు ముందు. మన రాత్రి ఎనిమిదంటే అక్కడ అర్ధరాత్రి దాటి పన్నెండున్నర, ఎండాకాలంలో ఒకటిన్నర. అమ్మాయి ఉదయం ఆరింటికి లేచి బస్సు పట్టుకోవాలి. ఆరు నెలలు మేము ఆ లెక్క వేసి చూడలేదు. "ఇప్పుడు వద్దు నాన్నా" అని తానూ అనలేదు.

వృద్ధుల గృహంలో మొదటి చిక్కు భాషతో రాలేదు, అలవాటుతో వచ్చింది. అక్కడ పెద్దవారిని కూడా పేరు పెట్టి పిలుస్తారు. అర్థం కాకపోతే వెంటనే అడగాలి. మన పిల్లలకు పెద్దలు చెబుతుంటే తల ఊపడమే మర్యాద. సగం గంటలు పూర్తయిన తరువాత పని నేర్పే ఆవిడ కూర్చోబెట్టి, "నీకు అర్థం కానప్పుడు కూడా అర్థమైందంటున్నావు. నువ్వు తప్పుగా వ్రాసుకుంటే నష్టం నీకు కాదు, ఆ ముసలివారికి. ఇలాగైతే నిన్ను ఉత్తీర్ణురాలిని చేయలేను" అని చెప్పిందట. ఆ రాత్రి కూడా మాకు "బాగానే ఉంది" అనే చెప్పింది.

ఆ గృహంలో ఒక పెద్దావిడ ఉండేది. 1950లలో ఇటలీ నుండి ఓడలో వచ్చి మెల్‌బోర్న్‌లో స్థిరపడినావిడ. ఆవిడ ఇల్లు అమ్మివేశారు. "అమ్మకు చెప్పవద్దు, తట్టుకోలేదు" అని కొడుకు మా అమ్మాయిని అడిగాడు. అమ్మాయి అలవాటు ప్రకారం తల ఊపింది. పని నేర్పే ఆవిడకు ఆ సంగతి చెప్పినప్పుడు ఆమె ఒకే ప్రశ్న వేసిందట. "ఆవిడ బాధపడుతుందని దాస్తున్నామా, చెప్పే బాధ మనకు తప్పుతుందని దాస్తున్నామా? ఆవిడకు తెలివి స్థిరంగానే ఉంది. ఆ ఇల్లు ఆవిడది." తరువాత కొడుకునే పక్కన కూర్చోబెట్టి చెప్పించారు. ఆవిడ రెండు రోజులు ఏడ్చింది. మూడవనాడు పెరట్లో తాను నాటిన నిమ్మచెట్టు కాయ ఒకటి తెచ్చిపెట్టమన్నది. కొడుకు బుట్టెడు కాయలు కోసి తెచ్చాడు.

సరిగా ఆ దినాలలోనే, ఆగస్టు నెలలో, ఇక్కడ మా అమ్మగారు గడపలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. గుంటూరు తీసుకువెళ్లి ఆపరేషన్ చేయించాం. అమ్మాయికి నాయనమ్మ అంటే ప్రాణం. "చదువు పాడవుతుంది, చెప్పవద్దు" అనుకున్నాం. "నాయనమ్మకు ఫోను ఇవ్వండి" అన్నప్పుడల్లా "నిద్రపోతున్నది", "చర్చికి వెళ్లింది" అని చెప్పాం. పదకొండు రోజులు అలా గడిచాయి. పన్నెండవ రోజు మా అన్నగారి మనుమడు ఆసుపత్రి మంచం మీద ముత్తమ్మ ఫోటో తన ఫోను స్టేటస్‌లో పెట్టాడు. అమ్మాయి మధ్యాహ్నం అన్నం వేళ దాన్ని చూసింది.

వెంటనే ఫోను చేసింది. ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. "నాన్నా, నేను బాధపడతానని దాచారా, నాకు చెప్పే బాధ మీకు తప్పుతుందని దాచారా?" అన్నది. మా దగ్గర జవాబు లేదు. కొంతసేపటికి వాళ్ల అమ్మ, "మరి నువ్వు మా దగ్గర ఏమీ దాచలేదా తల్లీ?" అని అడిగింది. అటువైపు చాలాసేపు మాట లేదు. ఆ తరువాత గంటన్నరసేపు అన్నీ చెప్పింది. గిన్నెలు, పద్నాలుగు డాలర్లు, ఒకే గదిలో నలుగురు, ఒంటిపూట తిండి, ప్లేస్‌మెంట్‌లో తప్పుతానేమోనన్న భయం. చివరకు, "లడ్డూలు పంచారు గనుక చెప్పలేకపోయాను" అన్నది. ఆ మాట మాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ముందు వసారాకు రేకులు వేయించడానికి దాచిన డబ్బు ఆ వారమే పంపాం. అమ్మాయి కాలేజీవారితో మాట్లాడింది. వారు ప్లేస్‌మెంట్‌ను వారానికి నాలుగు రోజులు చేసుకోనిచ్చారు. అనుకున్నదానికంటే కొంచెం సాగింది, అంతే. కూలి విషయంలో, విద్యార్థి వీసా మీద ఉన్నవారికి కూడా ఆ దేశపు పనివారికున్న హక్కులే ఉన్నాయనీ, తక్కువ ఇస్తే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ అనే ప్రభుత్వ కార్యాలయం చూస్తుందనీ కాలేజీలో చెప్పారు. తాను పనిచేసిన రోజులన్నీ ఒక పుస్తకంలో వ్రాసిపెట్టుకున్నది. అది చూపించి అడిగితే యజమాని గొణుక్కుంటూనే బాకీ కట్టాడు. ఆ పని మానేసి, సాయంత్రాలు ఒక కార్యాలయం ఊడ్చి తుడిచే పనిలో చేరింది. కూలి సరిగా, చీటీతో బ్యాంకులో పడేది. ఊళ్లో అడిగినవారికి మేము మొదట "ఆఫీసులో పని" అని చెప్పేవాళ్లం. అబద్ధం కాదు కదా అని సమాధానపడేవాళ్లం. ఒకరోజు అమ్మాయి విని, "ఊడ్చే పని అని చెప్పండి నాన్నా, నేను సిగ్గుపడటం లేదు" అన్నది. అప్పటినుండి అలాగే చెబుతున్నాం.

మొదటి విడతలో తాను ఉత్తీర్ణురాలైంది. రెండవ విడత 2025లో, కొత్తగా ఆ దేశానికి వచ్చిన కుటుంబాలకు సాయపడేచోట చేసింది. నర్సింగు, టీచరు శిక్షణ, సోషల్ వర్క్ ప్లేస్‌మెంటులలో ఉన్న విద్యార్థులకు, ఆదాయాన్ని బట్టి, 2025 జూలై నుండి అక్కడి ప్రభుత్వం వారానికి 300 డాలర్లకు పైగా ఇవ్వడం మొదలుపెట్టింది. అది ఆ దేశపు పిల్లలకే, బయటి దేశాలనుండి వెళ్లినవారికి రాదు. ఇది కూడా ముందే తెలుసుకోండి.

పంపదలచిన తలిదండ్రులకు మేము చెప్పగలిగినవి ఇవి.

ఒకటి, అప్పు లెక్క వేసేటప్పుడు కోర్సులో జీతంలేని ప్లేస్‌మెంట్ ఎన్ని గంటలో అడిగి, ఆ నెలల అద్దె, తిండి ఖర్చు విడిగా తీసిపెట్టండి. "వాడే పనిచేసి సంపాదించుకుంటాడు" అని ఆ నెలలకు చెప్పుకోవద్దు.

రెండు, చీటీ లేని కూలి వద్దని చెప్పండి. పనిలో చేరినప్పుడే పన్ను నంబరు తీసుకోవాలి, పనిచేసిన గంటలు తామూ వ్రాసుకోవాలి. రెండు వారాలకు 48 గంటల హద్దు దాటితే వీసాకే ముప్పు.

మూడు, గది చూడకుండా ముందుగా డబ్బు పంపవద్దు. ఆరోగ్య బీమా కార్డు, అత్యవసరానికి 000 నంబరు దగ్గర ఉంచుకోవాలి.

నాలుగు, ఫోను వేళ పిల్లలనే నిర్ణయించమనండి. మా ఇంట్లో ఇప్పుడు వారానికి రెండుసార్లే, కాని మొదట చెడ్డ వార్త, తరువాత మంచి వార్త. ఇంట్లో జబ్బు చేసినా, మరణం వచ్చినా ఆ రోజే చెప్పుకోవాలని బయలుదేరకముందే ఒప్పందం చేసుకోండి.

చదువు ముగించి అమ్మాయి ఈ జనవరిలో నెల రోజులకు ఇంటికి వచ్చింది. మా అమ్మగారు ఇప్పుడు చేతికర్రతో వసారా వరకు నడుస్తారు. వచ్చిన మొదటి సాయంత్రం మనుమరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, "అంత దూరం పోయి ఏం పని నేర్చుకున్నావే?" అని అడిగారు.

"ముసలమ్మల పక్కన కూర్చుని, వాళ్లు చెప్పేది వినడం నాయనమ్మా."

"దానికి ఇల్లు తాకట్టు పెట్టాలా? ఇక్కడ నేను లేనూ!" అన్నారు.

అందరం నవ్వాం. ఆ తరువాత ఆమె తాను పడిపోయిన రోజు సంగతి, ఎంత నొప్పి పుట్టిందీ, ఎంత భయపడిందీ, చీకటిపడేదాకా చెబుతూనే ఉన్నారు. మాకెవరికీ ఆమె అంతవరకు ఆ భయం సంగతి చెప్పలేదు. మేము అడగనూ లేదు.

వచ్చే నెల మరల కలుసుకుందాం.