ఉస్త్రా పట్టిన చేతికి సనద్ ఏదీ?

శంషాబాద్ బస్టాండు దగ్గర మూడు కుర్చీల సెలూన్ ఒకటుంది. ఎయిర్‌పోర్టు లోడర్లు, క్యాబ్ డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు డ్యూటీకి పోయే ముందు గడ్డం గీయించుకునేది అక్కడే. నడిపే చాచా 2008లో ఇక్కడ విమానాలు దిగకముందు నుంచే ఉస్త్రా పట్టినవాడు. ఆయన దగ్గర పని నేర్చి సొంత దుకాణం పెట్టుకున్న షాగిర్దులు ఎందరో.

మొన్న ఒక ట్రైనింగ్ సెంటర్‌లో పని నేర్పే ఉద్యోగముందంటే పోయాడు. "టెన్త్ మెమో ఉందా? ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ ఉందా?" అని అడిగారు. రెండూ లేవు. సలామ్ చెప్పి వచ్చేశాడు.

సర్కారీ లెక్క ఇదీ: ఐటీఐలో నేర్పేవాళ్లకని క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ అనే ఏడాది కోర్సు ఉంది. జుట్టు పని అందులో కాస్మొటాలజీ ట్రేడ్ కిందికొస్తుంది. అందులో చేరాలంటే ముందే ఐటీఐ సర్టిఫికెటో, డిప్లొమానో ఉండాలి. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో మంగలి పనినీ చేర్చింది. ట్రైనింగ్‌లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 ఇస్తారు. మంచిదే. కానీ అక్కడ కూడా చాచా కూర్చునేది నేర్చుకునేవాళ్ల వరుసలోనే. ఇన్నేళ్ల ఉస్తాదీ ఒక్కదానితో ఆ ఇన్‌స్ట్రక్టర్ కోర్సులో సీటు రాదు.

సర్కారును తిట్టడం ఆసాన్. మన గిరేబాన్‌లోకి కూడా తొంగి చూద్దాం.

పుట్టిన ఏడో రోజు అఖీఖాకు బిడ్డ తల గొరిగేది ఆ చెయ్యే. ఒకప్పుడు మనందరి ఖత్నా చేసిందీ ఆ చెయ్యే. శంషాబాద్‌లో జహాజ్ ఎక్కి హజ్‌కు పోయిన మన బుజుర్గులు తల గొరిగించుకునో, జుట్టు కత్తిరించుకునో తప్ప ఇహ్రామ్ విప్పరు. మసీదులో ఒకే సఫ్‌లో నిలబడతాం. రిష్తా మాట వస్తే మాత్రం "హజామోళ్లా?" అని మూతి తిప్పుకుంటాం.

అరబీలో హజ్జామ్ అంటే హిజామా చేసేవాడు. హుజూర్ (స) అబూ తైబాతో హిజామా చేయించుకుని ఉజ్రత్ ఇచ్చారని బుఖారీలో ఉంది. ఇవాళ అదే హిజామా ఏసీ క్లినిక్‌లో చేసేవాణ్ణి డాక్టర్ సాబ్ అంటాం. చాచాను "ఏయ్ హజామ్" అని పిలుస్తాం. ఇది ఏ దీన్‌లో ఉంది?

చాచా చిన్న కొడుకు ఇంటర్ పాసయ్యాడు. ఎయిర్‌పోర్టులో ట్రాలీలు నెడుతున్నాడు. అబ్బా పని ఎందుకు నేర్వలేదంటే, "దోస్తులు నవ్వుతారు అంకుల్" అన్నాడు. తండ్రి దగ్గర హునర్ ఉంది, కొడుకు దగ్గర మెమో ఉంది. రెండూ కలిస్తే ఒక ఇన్‌స్ట్రక్టర్ తయారవుతాడు. మధ్యలో అడ్డం పడింది మన జబాన్.

మసీదు కమిటీలకు నా గుజారిష్. టెన్త్ ఆగిపోయిన పిల్లల్ని ఓపెన్ స్కూల్లో చేర్పించండి, అక్కడ ఉర్దూ మీడియం ఉంది. పాసైనవాళ్లను ఐటీఐకి, ఆ తర్వాత ఇన్‌స్ట్రక్టర్ కోర్సుకు పంపండి. 2007 నాటి బీసీ-ఈ జాబితాలో హజామ్, నాయీ ముస్లిం పేర్లున్నాయి, ఆ సర్టిఫికెట్ తీయించండి. ఫీజు భారం బైతుల్‌మాల్ మోయాలి. సర్కారు కూడా షాగిర్దుల్ని తయారుచేసిన ఏళ్లను అర్హతగా లెక్కకట్టాలి.

జుమ్మాకు ముందు ఆ కుర్చీలో కూర్చుంటారు కదా. లేచేటప్పుడు "షుక్రియా, ఉస్తాద్" అనండి. ఆయన కొడుక్కి వినబడేలా అనండి.