ఫోన్‌లో మిగిలిపోయే లెక్కలు

గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం గత నెల మాకు అందింది. ఆమె భర్త ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే దుకాణం నడిపేవారు. గుండెపోటుతో హఠాత్తుగా అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆమె ఇద్దత్ గడువు ఇంకా పూర్తి కాలేదు. వ్యాపారపు లెక్కలన్నీ ఆయన ఫోన్‌లోనే ఉన్నాయి. దాని తాళం ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన తమకు బాకీ ఉన్నారంటూ ఇప్పటికి ముగ్గురు వచ్చి వెళ్ళారు. ఆయనకు బాకీ ఉన్నవారూ కొందరున్నారు, కాని వారెవరో, ఎంత ఇవ్వాలో ఆమెకు తెలియదు. దుకాణాన్ని ప్రస్తుతం మరిది చూసుకుంటున్నారు. గోడ మీది క్యూఆర్ కోడ్ స్టిక్కర్ మాత్రం అలాగే ఉంది. వచ్చినవారు చెల్లిస్తున్న సొమ్ము ఇప్పటికీ మరణించిన మనిషి ఖాతాలోకే వెళుతోంది. ఫోన్ తెరిపించే మార్గమేదైనా చెప్పండని ఆ సోదరి కోరారు.

ముందుగా ఆ ప్రశ్నకే జవాబు. ఇప్పటి ఫోన్లలో సమాచారమంతా సంకేత రూపంలో భద్రపడి ఉంటుంది. పిన్ నంబరు లేకుండా అది విడిపడదు. 'అన్‌లాక్ చేసి ఇస్తాం' అని సెల్ దుకాణాల వారు చెప్పేది సాధారణంగా ఫోన్‌ను పూర్తిగా తుడిచి కొత్తదానిలా చేసి ఇవ్వడమే. ఫోన్ పనిచేస్తుంది, లెక్కలు ఉండవు. కనుక తొందరపడి ఎవరికీ ఇవ్వకండి. ఊహించిన అంకెలు వరుసగా నొక్కి చూడడం కూడా మంచిది కాదు. తప్పులు పెరిగేకొద్దీ ఫోన్ మరింత బిగుసుకుంటుంది.

అయితే లెక్కలకు మరో దారి ఉంది. ఫోన్‌పే, గూగుల్‌పే వంటివి కేవలం వాకిళ్ళు. సొమ్ము కదిలిన జాడ బ్యాంకు ఖాతాలో ఉంటుంది. వారసులు మరణ ధ్రువపత్రంతో బ్యాంకుకు దరఖాస్తు చేసుకొని ఖాతా స్టేట్‌మెంట్ కోరవచ్చు. ఎవరి నుంచి ఎంత వచ్చింది, ఎవరికి ఎంత వెళ్ళింది అన్నది పేర్లతో సహా చాలావరకు అందులో తెలుస్తుంది. ఇంటికి వచ్చిన ముగ్గురి మాటలను దానితో సరిచూసుకోవచ్చు. క్యూఆర్ స్టిక్కర్‌ను ఈ రోజే తొలగించండి. మరణవార్త బ్యాంకుకు తెలిసిన తరువాత ఆ ఖాతా నిలిచిపోతుంది. అందులో ఉన్నది వారసులందరి సొత్తు. మరిది గారి కష్టార్జితం దానితో కలిసిపోతే రేపు రెండింటినీ విడదీయడం కష్టం. మనసులు విరగడానికి ఆ మాత్రం చాలు.

సిమ్ కార్డును మాత్రం పారేయకండి. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకుండా పడి ఉంటే, అందులో సొమ్ము లేకపోతే, దాన్ని రద్దు చేయవచ్చు. కొంతకాలానికి అదే నంబరు మరొకరికి వెళుతుంది. బ్యాంకు, గ్యాస్, బీమా సందేశాలన్నీ ఆ నంబరుకే వస్తాయి కాబట్టి వ్యవహారాలు ముగిసేవరకు చిన్న రీచార్జితో నిలిపి ఉంచాలి. మరణ ధ్రువపత్రం చూపి కుటుంబ సభ్యుల పేరిట మార్పించుకునే వీలు కూడా ఉంది.

ఇక ఈ ఉత్తరం చదువుతున్నంతసేపూ మా మనసులో మెదిలిన విషయం వేరు. దివ్యఖుర్ఆన్‌లో అన్నింటికన్నా దీర్ఘమైన ఆయతు నమాజు గురించో, ఉపవాసం గురించో కాదు, అప్పు రాసిపెట్టుకోవడం గురించి (బఖరా సూరా, 282వ ఆయతు). వారసత్వ భాగాలను వివరించే నిసా సూరా ఆయతుల్లో వీలునామా, అప్పుల తరువాతనే పంపకమని పదే పదే హెచ్చరిక ఉంది. జనాజా తెచ్చినపుడు మృతుని మీద అప్పు ఉందా అని దైవప్రవక్త (స) విచారించేవారు. ఒక సందర్భంలో హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తాను తీరుస్తానని ముందుకు వచ్చిన తరువాతనే ఆయన నమాజు చేయించారు. వీలునామాగా చెప్పవలసినది ఏదైనా ఉన్న ముస్లిం అది రాసి ఉంచుకోకుండా రెండు రాత్రులు గడపకూడదన్న బోధన హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనంలో మనకు చేరింది. మన తాతల కాలంలో ఈ రాత చిట్టా పుస్తకంలో ఉండేది, పెట్టెలో దొరికేది. ఇప్పుడు అదంతా ఆరంకెల తాళం వెనుకకు వెళ్ళిపోయింది.

దీనికి చాలామంది ఆలోచించే పరిష్కారం ఒకటే. భార్యకో, పెద్ద కొడుకుకో పిన్ నంబర్లన్నీ చెప్పేయడం. ఇది సరైన మార్గమని మేము అనుకోము. ఫోన్ తెరిచే నంబరును నమ్మకస్తులైన ఒక్కరికి చెప్పి ఉంచడంలో తప్పులేదు. వేలిముద్ర నమోదు చేశాం కదా అని ఊరుకోకండి. ఫోన్ ఆగి మళ్ళీ వెలిగినపుడు అది పిన్ నంబరే అడుగుతుంది. కాని యూపీఐ పిన్, ఏటీఎం పిన్ సంగతి వేరు. వాటిని ఎవరికీ చెప్పవద్దనే బ్యాంకులు కోరుతున్నాయి. వాట్సప్‌లో పంపడం మరీ ప్రమాదం. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. శ్వాస ఆగిన క్షణం నుంచి ఆ ఖాతాలోని ప్రతి రూపాయి మీదా భార్యకు, కూతుళ్ళకు, కొడుకులకు, బతికి ఉన్న తల్లిదండ్రులకు హక్కు ఏర్పడుతుంది. అప్పులవారి హక్కు వారందరికన్నా ముందుంటుంది. ఆ రాత్రే ఏటీఎంకు వెళ్ళి సొమ్ము తెచ్చేవారు దురుద్దేశంతో చేయకపోవచ్చు, కఫన్-దఫన్ ఖర్చుల కోసమే కావచ్చు. ఆ ఖర్చులు ఆస్తిలోంచి మొదట తీసుకోదగినవే. అయినా బంధువులు చేతి నుంచి పెట్టి, లెక్క రాసుకొని, తరువాత అందరి ఎదుట తీసుకోవడమే నిష్కళంకమైన పద్ధతి. చట్టం దృష్టిలో కూడా మరణించిన వ్యక్తి ఖాతాను మరొకరు వాడడం చిక్కులు తెచ్చేదే.

కనుక ఇంటికి కావలసింది రహస్య సంఖ్యల జాబితా కాదు, ఎక్కడ ఏముందో చెప్పే ఒక నోటుపుస్తకం. ఏయే బ్యాంకు, ఏ శాఖ, ఖాతా చివరి నాలుగంకెలు, నామినీ ఎవరు అన్నది మొదటి పేజీలో రాయండి. ఉద్యోగులైతే భవిష్యనిధి యూఏఎన్ సంఖ్య కూడా రాయాలి. ఆ సంస్థ వెబ్‌సైటులో నామినేషన్ నింపారో లేదో ఒకసారి చూసుకోవాలి. చాలామంది ఉద్యోగంలో చేరిన నాటి పేరునే వదిలేస్తారు, పెళ్ళయిన తరువాత మార్చరు. కొందరి ఖాతాల నుంచి ఏటా 436 రూపాయలు ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు కోత పడుతుంటుంది. బీమా విషయంలో ధార్మిక నిర్ణయాన్ని ఉలమాలను అడిగి తెలుసుకోవాలి. కాని కోత పడుతున్న సంగతి ఇంట్లోవారికి తెలిసి ఉండడం అవసరం. కంతులు, సబ్‌స్క్రిప్షన్లు ఆటోపే కింద ఏవేవి ఉన్నాయో యూపీఐ యాప్‌లోనే చూడవచ్చు. వాటినీ రాయండి.

రెండవ పేజీ అప్పులది. మొదటి వరుసలో భార్యకు ఇంకా చెల్లించని మహర్ ఉండాలి. అది భర్త మెడ మీద ఉన్న రుణం. ఆయన మరణంతో మాసిపోదు. మన ఇళ్ళలో దీన్ని ప్రస్తావించడానికే మొహమాటపడతాం. జనాజా దగ్గర నిలబెట్టి ఆమె చేత మాఫీ చెప్పించే ఆనవాయితీ కొన్నిచోట్ల ఉంది. దుఃఖంలో మునిగి ఉన్న స్త్రీ నోట ఆ మాట రాబట్టడం న్యాయమా అని ఎవరికి వారు ఆలోచించాలి. తరువాత చేబదుళ్ళు, సరుకు బాకీలు, మన దగ్గర ఇతరులు దాచుకున్న అమానత్ సొమ్ము. అంతే శ్రద్ధగా మనకు రావలసినవి కూడా రాయాలి. ఇద్దరు సాక్షుల సంతకాలుంటే మరీ మంచిది. ఇకముందు ఎవరికైనా అప్పుగా పంపేటప్పుడు యూపీఐలో సందేశం రాసే చోట 'చేబదులు', తిరిగి ఇచ్చేటప్పుడు 'బాకీ జమ' అని రాసే అలవాటు చేసుకోండి. అర నిమిషం పని.

గల్ఫ్‌లో ఉన్నవారికి ఈ పుస్తకం ఇంకా అవసరం. అక్కడి బ్యాంకు పేరు, ఇఖామా లేదా సివిల్ ఐడీ సంఖ్య, యజమాని సంస్థ చిరునామా, ఉద్యోగ ఒప్పందం నకలు ఊళ్ళో ఉన్న ఇంటికి చేరి ఉండాలి. జీతం బకాయిలు, ఉద్యోగాంత పరిహారం రాబట్టడానికి కుటుంబం భారత రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించవలసి వచ్చినపుడు మొదట అడిగేవి ఇవే. విదేశాంగ శాఖ వారి 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయడానికి కూడా ఇవే ఆధారం.

నామినీ గురించి ఒక అపోహ బలంగా ఉంది. నామినీగా పేరున్నవారే సొత్తుకు యజమానులని చాలామంది నమ్ముతారు. బ్యాంకు నుంచి సొమ్ము తీసుకొని హక్కుదారులకు అందజేయవలసిన ధర్మకర్త మాత్రమే నామినీ. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే స్పష్టం చేసింది. కొడుకు నామినీ అయినంత మాత్రాన కూతురి భాగం కరిగిపోదు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు కల్పించారు.

ఎవరూ అడగకుండా మిగిలిపోయిన పాత ఖాతాలు కూడా ఉంటాయి. పదేళ్ళు కదలిక లేని డిపాజిట్ల సొమ్ము రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి బదిలీ అవుతుంది. అయినా వారసుల హక్కు పోదు. రిజర్వు బ్యాంకు 2023లో ప్రారంభించిన 'ఉద్గం' పోర్టల్‌లో పేరుతో వెతికి చూడవచ్చు. నాన్నగారి ఖాతా ఒకటి ఎక్కడో ఉండేదని అనుకునేవారు ఈ పని తప్పక చేయాలి.

ఫొటోలు, ఉత్తరాల సంగతి చెప్పి ముగిస్తాం. గూగుల్ ఖాతాలో 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' అనే ఏర్పాటు ఉంది. మన ఖాతాలో మూడు, ఆరు, పన్నెండు లేదా పద్దెనిమిది నెలలు ఏ కదలికా లేకపోతే మనం సూచించిన వారికి సమాచారం వెళుతుంది. వారికి ఏవి అందాలో, ఏవి అందకూడదో ముందే నిర్ణయించవచ్చు. ఖాతా మొత్తాన్ని తొలగించమని కూడా చెప్పి ఉంచవచ్చు. ఐఫోన్‌లో 'లెగసీ కాంటాక్ట్' పేరుతో ఇటువంటిదే ఉంది. ఒకవేళ మృతుని ఫోన్ తెరుచుకున్నా, అవసరమైన లెక్కలు చూసి మూసేయండి. అందులోని సంభాషణల్లో ఇతరుల రహస్యాలూ ఉంటాయి. మనకు తాళం దొరికింది కదా అని అవన్నీ మనవి కావు. ఇంటి స్త్రీల ఫొటోలున్న ఫోన్‌ను పాత సామాను వారికి అమ్మేముందు గూగుల్ ఖాతాను తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేయించి ఇవ్వాలి.

నోటుపుస్తకాన్ని ఎప్పుడు సవరించాలని అడిగేవారికి మా సూచన ఒకటుంది. జకాత్ లెక్క కట్టే రోజునే ఆ పని పెట్టుకోండి. నగదు, బంగారం, రావలసినవి, ఇవ్వవలసినవి ఆ రోజు ఎలాగూ కాగితం మీదికి వస్తాయి. దాన్నే పుస్తకంలోకి ఎక్కించి, తేదీ వేసి, సంతకం చేసి, ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇద్దరికి చెప్పండి.